ఆవరణము తొలగిన పిమ్మట

మానవుని పై దవడలోని కోరపన్ను తక్కిన పండ్లకంటె దూరము నడచి రావలసినది. శిశువునకు ఏడాది నిండకమునుపే కన్నుగూటికి దిగువ ఎముకలో దాని నిర్మాణ మారంభమగును. 11, 12 ఏండ్ల ప్రాయము వచ్చినగాని అది చిగురు దాటి వెలుగు చూడదు. నూటికి ఒకరిద్దరియందు ఆ పన్ను త్రోవ తప్పి, తఱచుగా అంగిలివైపునకు ఒరిగి, ఎముకయందే నిలిచిపోవును. అట్టి సందర్భమున శస్త్రవైద్యుడు మత్తుసూది యిచ్చి, చిగురును కోసి, కప్పియున్న ఎముక పొరను తొలిచి, దంతాగ్రమును బయల్పఱచి, దానికొక సన్నని బంగారు గొలుసు నతికించి, గాయము మరల పూడిపోకుండ ఔషధపు ముద్దతో కప్పి ఇంటికి పంపును.

మా తమ్ముని కుమార్తెకు 14వ యేట ఈ చికిత్స జరిగినది. మంచుగడ్డలను గుడ్డలో చుట్టి చెంపకు అద్దుచున్నను, వైద్యుడు ముందే చెప్పినట్లు, రెండవ మూడవ దినములలో వాపు హెచ్చి, పై పెదవి బరువెక్కి మాట తడబడినది. చల్లార్చిన రాగిజావను చెంచాతో నోటి రెండవ ప్రక్కగా జార్చుకొని, మ్రింగుటకు ముందొక క్షణ మాగి, కనుబొమలు ముడిచి, ఆపై మ్రింగుచుండెను. గొట్టముతో పీల్చరాదు, గట్టిగా ఉమియరాదు. ఏలయన గాయముపై గడ్డకట్టిన నెత్తురే ఆ గాయమునకు రక్ష. అట్టి స్థితిలోనున్న బిడ్డను చూడవచ్చిన బంధువొకరు, నొప్పి దేహమునకే గాని నీకు లేదమ్మా యని వేదాంతము చెప్పిరి. నాకది మిక్కిలి కష్టముగా తోచినది. శంకరభగవత్పాదులు బ్రహ్మసూత్రభాష్యారంభమున దేహేంద్రియధర్మముల నాత్మయం దారోపించు అధ్యాసను నిరూపించిన మాట నిజమే. కాని తితిక్ష యనునది శమాదిషట్కములోనిది. జిజ్ఞాసువు తనయందు తాను పరీక్షించుకొనవలసిన గుణమది. పరుల నొప్పియెడ మనము చూపవలసినది దయ. వారి బాధను మిథ్య యనుట కెవ్వరును మన కధికార మీయలేదు.

కట్టు తీసిన పిమ్మట ఆ పిల్ల చిన్న అద్దమును నోటికడ వంచి, ఎఱ్ఱని చిగురు నడుమ తెల్లగా తొంగిచూచు దంతాగ్రమును, దానినుండి వ్రేలాడు గొలుసు కొసను చూచుకొని, "పెదనాన్నా, పన్ను కనబడిందిగా! మరి ఇంకా ఏడాది దాకా ఈ లాగుడెందుకు?" అని యడిగినది. ఆమె యెఱుగకయే అడిగిన ఆ ప్రశ్న అద్వైతాచార్యుల నడుమ శతాబ్దుల తరబడి నడచిన వాదమే.

మోక్షము ఉత్పాద్యము కాదు, ఆప్యము కాదు, వికార్యము కాదు, సంస్కార్యము కాదని శంకరులు సమన్వయాధికరణభాష్యమున తేల్చిరి. లేనిదానిని పుట్టించుటయు, దూరమందున్న దానిని చేరుటయు, ఒకదానిని మఱొకటిగా మార్చుటయు, మలినమును శుద్ధిచేయుటయు కర్మకు సాధ్యములు. నిత్యసిద్ధమైన ఆత్మయెడ వీనిలో నొక్కటియు పొసగదు. అచట జరుగునది ఆవరణభంగమే. వైద్యుడును పంటిని సృజింపలేదు గదా! ఆవరణము తొలగినంతనే చేయవలసినది ముగిసినదని సురేశ్వరాచార్యులు నైష్కర్మ్యసిద్ధిలో వాదించిరి. మహావాక్యమువలన కలిగిన జ్ఞానమే చాలునని, దానికి పిదప ఆవృత్తితో పనిలేదని వారి పక్షము. అనాదియైన భ్రాంతిసంస్కారము బలవత్తరము గనుక, శబ్దమువలన తత్త్వము తెలిసినను దాని నభ్యసింపక తీరదని మండనమిశ్రులు బ్రహ్మసిద్ధిలో నిరూపింప యత్నించిరి.

సురేశ్వరుల తర్కమునకున్న తేజస్సు నన్నెప్పుడును ఆకర్షించుచునే యున్నది. అయినను, తెలిసినవాడు తెలిసినట్లుగా జీవింపలేకపోవుటను మన ఇండ్లలో నిత్యము చూచుచుండగా, ఈ చిక్కును దాటవేయక ఎదుర్కొన్న 14వ శతాబ్దివారగు విద్యారణ్యులయందు నాకు గౌరవ మెక్కువ. జీవన్ముక్తివివేకమున వారు తత్త్వజ్ఞానమునకు తోడుగా వాసనాక్షయమును మనోనాశమును కోరిరి; దానికి దృష్టాంతముగా సామాన్యునెవనినో గాక యాజ్ఞవల్క్యునే గ్రహించుట వారి సాహసము. జనకుని సభలో, కొమ్ములకు బంగారము కట్టిన వేయి గోవులను తోలుకొనిపొమ్మని శిష్యునితో పలికిన ఋషి, వాదమున శాకల్యుని శిరఃపతనమునకు కారకుడైన ఋషి, బ్రహ్మవేత్తయే. ఆ జ్ఞానమున లోపము లేదు. విద్యాగర్వము మాత్రము మిగిలియున్నది. అందువలననే ఆయన మైత్రేయిని వీడి పరివ్రాజకుడు కావలసివచ్చినదని విద్యారణ్యుల నిర్ణయము.

అభ్యాసము అవసరమైనచో జ్ఞానము కర్మకు లోబడినట్లే గదా, కర్మఫలము అనిత్యము గదా యని సురేశ్వరుల పక్షమువా రాక్షేపింతురు. ఇది బలమైన ఆక్షేపము. దీనికి సమాధానము ఆ గొలుసు పనిచేయు తీరులోనే నాకు గోచరించినది. గొలుసు లాగుచున్నప్పుడు పన్ను మాఱదు. దాని ముందున్న ఎముక కణకణముగా కరగును, వెనుక క్రొత్త ఎముక ఏర్పడును. మార్పంతయు పరిసరమునందే. అట్లే అభ్యాసము ఆత్మను గాని, ఆత్మజ్ఞానమును గాని పెంపొందింపదు. చుట్టును ఘనీభవించిన వాసనలనే సడలించును. ఇంకొక విశేషము. ఆ లాగుడు మిక్కిలి స్వల్పముగా నుండవలెను. తొందరపడి బలము హెచ్చించినచో, ఒత్తిడికి నెత్తుటి ప్రసారము తగ్గి, పంటి నంటియున్న కణజాలము నిర్జీవమై, కదలిక మునుపటికంటె ఆలస్యమగును; పంటి వేరే అరిగిపోవచ్చును. దేహమును శోషింపజేసి, మనస్సును మెడబట్టి వంచి, ఒక్క చాతుర్మాస్యములో వాసనలను నిర్మూలింపబూనిన సాధకులు పలువురు అలసటతోడను కోపముతోడను మరలి వచ్చుట కిదియే హేతువని నా విశ్వాసము. గీత ఆఱవ యధ్యాయమున మనస్సును మెల్లమెల్లగా ఉపరమింపజేయుమన్న ఉపదేశము, బలహీనులకై విధించిన సడలింపు కాదు. ఎముకయైనను వాసనయైనను ఆ వేగమునకే కరగును గాని అంతకు మించిన వేగమునకు కరగదు.