కాయకశుద్ధి – గృహనిర్మాణము



సామాన్య గృహస్థునకు ఇల్లు కట్టుకొనుట ఎంతటి సాహసమో అందఱకును తెలిసినదే. ఏండ్ల తరబడి కూడబెట్టిన ధనము, ఇల్లాలి నగలపై తెచ్చిన అప్పు, అన్నియు ఆ పునాదిలోనే పడును. అట్టి గృహస్థుడొకడు చదరపుటడుగునకు ఇంత యని గుత్తేదారుతో మాటాడుకొని పని ఆరంభించెననుకొందము. గోడలు లేచిన పిదప పిట్టగోడకు వేఱుగా నిమ్మందురు. నీళ్లతొట్టి లెక్కలో లేదందురు. సగము లేచిన యింటిని విడువజాలక అతడు అప్పుపై అప్పు చేయును. గృహప్రవేశమైన పిదప తొలివానకే పైకప్పు కాఱి, ఇష్టలింగార్చనకు కూర్చున్నవాని తలపై నీటిబొట్టు పడును.

ఇది ధననష్టము మాత్రమే కాదు, కాయకమునకు కలిగిన కళంకము. 12వ శతాబ్దిలో కల్యాణమందు బసవేశ్వరుడు కాయకమును పూజతో సమానముగా నిలిపెను. తాళ్లు పేనిన చందయ్యయు, పడవ నడపిన చౌడయ్యయు ఆ శరణగోష్ఠిలో పూజ్యులైరి. పని చిన్నదైనను అందు కపటము లేకుండుటయే వారి ఘనత.

సిమెంటు ఒక పాలునకు ఇసుక 6 పాళ్లని ఒప్పుకొని 8 పాళ్లు కలుపుట, ఇటుకలను నానబెట్టకయే పేర్చుట, కనీసము 7 దినములు, మిశ్రమ సిమెంటైనచో 10 దినములు, తడుపవలసిన కాంక్రీటును రెండు దినములకే ఎండగట్టుట – ఇవన్నియు పూతక్రింద దాగును. యజమాని కంటికి కనబడకపోవచ్చును. చేసినవాని మెడయందున్న లింగమునకు తెలియకపోవునా?

ధర విషయమున ఆయ్దక్కి మారయ్య దంపతుల చరిత్ర స్మరణీయము. నేలరాలిన బియ్యము ఏరితెచ్చుట మారయ్య కాయకము. ఒకనాడతడు నిత్యముకంటె ఎక్కువ తేగా, లక్కమ్మ దానిని వంటకు తీసికొనక, మిగులును తెచ్చినచోటనే పోసి రమ్మని పంపెను. ఆ యిల్లు పేదది. అయినను మిగులు తమది కాదని ఆమె యెఱుగును. ఒప్పుకొన్నదానికి మించి అడుగు గుత్తేదారు, ఆ సొమ్ము తన శ్రమకు తగినదా, ఎదుటివాని నిస్సహాయత వలన వచ్చినదా యని తనను తాను ప్రశ్నించుకొనవలెను.

అయితే దోషమంతయు గుత్తేదారునిదే యనుట న్యాయము కాదు. సరకుల వెలకును చాలని ధరకు బేరమాడి, పిమ్మట గట్టిపని కోరు యజమానులు లేరా? ఏదో వంక చూపి కడపటి వాయిదా బిగబట్టినచో వారపు కూలి అందక పస్తుండునది తాపీవాని పిల్లలే. ఇట్టి యింటిలో జరుపు దాసోహము ఎవరికి తృప్తి నిచ్చును?

కావున పని ఆరంభమునకు ముందే ఏ పని, ఏ సరకు, ఎంత కొలత, ఎంత వెల యనునది కాగితముపై వ్రాసికొని ఇరువురును చేవ్రాలు చేయవలెను. పని ముగిసిన మేరకే వాయిదాలు, అడిగిన దినముననే కూలి యీయవలెను. పూతకు ముందు గోడను తెలిసినవారిచే చూపించుకొనవలెను. ఇంతటితో తీరని వివాదములకు చట్టము గలదు. 2019 నాటి వినియోగదారుల పరిరక్షణ చట్టము గృహనిర్మాణమును సేవలలో చేర్చినది. కాని న్యాయస్థానము నష్టపరిహారము ఇప్పించగలదే గాని, గోడలో నిజాయితీని కలుపజాలదు. అది కట్టువాడును కట్టించువాడును కలిసి కలుపవలసినది.