మ్రొక్కు లేని కృతజ్ఞత

గడచిన వానకాలమున మా మనుమరాలికి డెంగీ జ్వరము తగిలినది. రక్తములోని ప్లేట్‌లెట్లు నానాటికి తగ్గిపోయి చిగుళ్ళనుండి నెత్తురు కారసాగెను. ఆసుపత్రిలో ఆమె మంచము ప్రక్కన మూడు రాత్రులు కూర్చుంటిమి. రెండవనాటి అర్ధరాత్రమున నర్సు పసుపువన్నె ద్రవముగల చిన్న సంచిని తెచ్చి తగిలించెను. దానిపై నొక సంఖ్య, రక్తపు వర్గము, గడువు తేదీ మాత్రమే యుండెను. నాలుగవనాటికి పిల్ల పెరుగన్నము కావలెనని మారాము చేసెను. ఇల్లు చేరిన పిమ్మట నా చెల్లెలు, "అన్నయ్యా, ఏడుకొండలవాడికి మొక్కుకున్నాను. పిల్లను తీసుకెళ్ళి తలనీలాలు ఇప్పిద్దాం. నీకు నమ్మకం లేదని తెలుసులే. అయినా ఆ రాత్రి మనసులో ఎవరికైనా దణ్ణం పెట్టుకున్నావా, లేదా?" అని యడిగెను.

నేను ముప్పది యేండ్లుగా దేవుని నమ్మనివాడను. వాదమునకై యడిగినవారికి జవాబు చెప్పుట నాకు అలవాటే. కాని మా చెల్లెలు వాదమునకై యడుగలేదు. నిజము చెప్పవలెనన్న, ఆ రాత్రి నా చేతులు ఎవరికో నమస్కరింపవలెనని తహతహలాడినవి. ఆ యెవరో నాకు తెలియలేదు. చదువరులలో నావంటివారు కొందఱైన నుందురని తలచి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

కృతజ్ఞతకు పుచ్చుకొనువాడొకడు ఉండవలెను గదా, దేవుడు లేడనువాడు చిరునామా లేని జాబు వ్రాయువానివంటివాడు అని ఆస్తికులందురు. వినుటకు బాగుగనే యున్నది. కాని నా యనుభవమున సంగతి తలక్రిందులు. నా జాబునకు చిరునామా లేకపోవుట కాదు, చిరునామాలు లెక్కకు మిక్కిలి యగుటయే చిక్కు. ప్లేట్‌లెట్లు మనుష్యదేహమునుండియే రావలెను. వాని నిరువది మొదలు ఇరువదినాలుగు డిగ్రీల వేడిమిలో, మెల్లగా కదలుచుండు పళ్ళెములపై నుంచవలెను. అట్లుంచినను సాధారణముగా 5 దినములకు మించి నిలువవు. అనగా పిల్లకు జ్వరము తగిలిన ఆ వారముననే, మా పేరైన నెరుగక, ఎవరో యొకరు చేయి చాచి పడుకొనియుండవలెను. ఆ సంచిని కాపాడినవారు, వర్గము సరిచూచినవారు, తెల్లవారుజామున వార్డు నేల తుడిచిన యామె, వీరందఱు నుండగా నేను ఆకాశము వంక చూచి నమస్కరించినచో, ఒకరు చేసిన పనికి మఱియొకరి పేరు వ్రాసినట్లే యగును. కృతజ్ఞుడనగా చేసినదానిని ఎరిగినవాడని పదమే చెప్పుచున్నది. ఎరుక ముందు, నమస్కారము తరువాత.

అమెరికా తత్త్వవేత్త డేనియల్ డెన్నెట్‌కు 2006వ సంవత్సరమున గుండెనుండి వెడలు మహాధమని చీలి, శస్త్రచికిత్సతో ప్రాణము దక్కినది. నాస్తికుడైన ఆయన కోలుకొనుచు వ్రాసిన వ్యాసములో దేవునికి గాక మనుష్యుల మంచితనమునకు నమస్కరించెను. వైద్యులనేగాక భోజనము తెచ్చినవారిని, గది శుభ్రపరచినవారిని, బట్టలుతికినవారిని గూడ తలచుకొనెను. ఆ వ్యాసము నాకు మిగుల నచ్చినది. అయితే తనకొఱకు ప్రార్థించిన మిత్రులను గూర్చి ఆయన యొకింత కటువుగా మాటలాడెననియు నాకు తోచినది. మా చెల్లెలి మ్రొక్కు దేవునికి చేరినదో లేదో గాని, మా పిల్లపై ఆమెకుగల ప్రేమ మాకు చేరినది. దానిని కాదనుట కృతజ్ఞుని లక్షణము కాదు.

మన ప్రాచీనులు ఈ విషయమును ఋణమని తలచిరి. తైత్తిరీయసంహిత మూడు ఋణములను చెప్పినది: ఋషులది, దేవతలది, పితరులది. శతపథబ్రాహ్మణము నాలుగవదానిని చేర్చినది. అది మనుష్యఋణము, అతిథికి చోటును అన్నమును పెట్టుటచే తీరునది. దేవఋణమును కొట్టివేసినను మూడు ఋణములు మిగులుచున్నవి. వానిని తీర్చుటకే ఒక జన్మము చాలదు. ఇక నాస్తికునకు కృతజ్ఞతతో పనిలేదనుట యెట్లు?

ఉదాహరణమునకు దూరము పోనక్కరలేదు. నా పుట్టుక గోదావరి డెల్టాలో. 1847 మొదలు 1852 వఱకు ధవళేశ్వరమున ఆర్థరు కాటను ఆనకట్ట కట్టించనిచో, మా తాతలు తిన్న యన్నము వేఱుగ నుండెడిది, లేక ఉండకనే పోయెడిది. అందుకే మా ప్రాంతమున ఊరూర ఆయన విగ్రహములు నిలిచినవి. (కాటను స్వయముగా గొప్ప దైవభక్తుడు. ఈ సంగతి దాచి నా వాదమును బలపరచుకొనుట న్యాయము కాదు గనుక చెప్పుచున్నాను.) కాని ఆ రాళ్ళు మోసినవారికి, కాలువలు త్రవ్వినవారికి విగ్రహములు లేవు, పేర్లును లేవు. ఆ డెల్టాలోనే భీమవరమున 1895లో పుట్టి, 1948లో న్యూయార్కున గతించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వమున సిద్ధమైన మందును నేడు కూడ బోదకాలు రాకుండ ప్రజలకు పంచుచున్నారు. ఆ మాత్ర మ్రింగినవారిలో ఆయన పేరెరిగినవా రెందఱు? ఎరుగకపోవుట పాపము కాదు. ఎరుగనవసరము లేదనుకొనుట మాత్రము లోపమే.

మఱి ఎవరును ఇయ్యనివాని మాటయేమి? తొలకరి చినుకు, పండువెన్నెల, వేసవి సాయంకాలమున వచ్చు చల్లగాలి, వీనికి దాత లేడు. నన్నడిగిన, అది కృతజ్ఞత కాదు, సంతోషము. సంతోషమునకు దాత నక్కరలేదు. మొదటి వానకు నేల వాసన వచ్చినపుడు నా చేతులు కూడ తమంతట కలియబోవును. వానిని నేను అడ్డగించను. దానికొక సిద్ధాంతమును కట్టను.

ఇచట నొక హెచ్చరిక. కృతజ్ఞత యను పేరుతో ఈ దేశమున జరిగిన అన్యాయము తక్కువ కాదు. "మా ఉప్పు తిని మాకే ఎదురు చెప్పెదవా?" అను మాటతో ఎన్ని తరముల పాలేర్ల నోళ్ళు మూయబడినవి! వెట్టిచేయించుకొన్నవాడు వెట్టివానినుండి విశ్వాసమును గూడ కోరెను. పండించినవాడు ఉప్పు తిన్నవాడట, తిన్నవాడు ఉప్పు పెట్టినవాడట! అడిగి పుచ్చుకొనునది కప్పమే గాని కృతజ్ఞత కాదు. కృష్ణాజిల్లా ముదునూరులో 1940లో నాస్తికకేంద్రమును నెలకొల్పిన గోరాగారును సరస్వతీగోరాగారును అన్ని కులములవారితో సహపంక్తి భోజనములు జరిపిరి. పండించినవానిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని భుజించుటకంటె అన్నమునకు చేయదగిన నమస్కార మేమున్నది?

పరుల లోపములు చెప్పుట సులభము. విందులలో లేచుచు "అన్నదాతా సుఖీభవ" యనుట మన మర్యాద. ఆ దీవెన యజమానికి చెందును. వండినయామె తలుపు చాటున నిలిచి యెవరికి చారు కావలెనో చూచుచుండును. నలువది యేండ్లు నేను మా ఇంట ప్రొద్దుటి కాఫీ త్రాగితిని. చక్కెర తక్కువైననాడు నోరు మెదపితిని, సరిపోయిననాడు మెదపలేదు. మన ఇండ్లలో ధన్యవాదములనుట పరాయితనముగా దోచును, అది నిజమే. మాట చెల్లనిచోట పని చెల్లును. ఆసుపత్రినుండి వచ్చిన తరువాత నేనొక చిన్న అలవాటు చేసికొంటిని: మొదటి ముద్దకు ముందు ఆ యన్నము వెనుకనున్న ఒక మనిషిని తలచుకొనుట, భోజనమైన పిమ్మట నా కంచము నేనే కడిగికొనుట. మొదటినాడు నా భార్య కంగారుపడి, "ఏమండీ, ఒంట్లో బాగాలేదా?" అని యడిగినది. ఆ ప్రశ్న నన్ను గుచ్చినంతగా ఏ విమర్శయు గుచ్చలేదు.

ఇక ఆ పసుపువన్నె సంచి. రక్తమిచ్చి ఆ ఋణము తీర్తునని నేను వెళ్ళితిని. నా వయస్సు 68. మన దేశమున రక్తదానమునకు 65 దాటరాదట. తీర్చుకొనలేని ఋణము గలదని ఆనాడు తెలిసినది. మా అబ్బాయియు అల్లుడును ఇచ్చిరి. ఈ సంగతి విని మా చెల్లెలు, "నాకు యాభైతొమ్మిదే కదా, నేనివ్వకూడదా?" అని తిరుపతి ప్రయాణమునకు రెండు దినములు ముందుగా నన్ను వెంటబెట్టుకొని బయలుదేరెను. వ్రేలు గ్రుచ్చి చూచిరి. రక్తమునందు హిమోగ్లోబిను 12.5 ఉండవలెను, ఆమెకు 9.8 మాత్రమే యున్నది. "ఇంట్లో అందరి తర్వాత తింటారా అమ్మా?" అని యచటి యమ్మాయి యడిగెను. మా చెల్లెలు నవ్వి ఊరకుండెను. ఇనుప మాత్రలిచ్చి మూడు నెలలు పోయినపిదప రమ్మనిరి.

ఆమె తిరుపతి వెళ్ళి వచ్చినది. మా వంటయింటి క్యాలెండరులో ఆ మూడవ నెల తేదీ చుట్టు పెన్సిలుతో సున్న చుట్టియున్నది. చుట్టినది తానే.