ఘాటు దిగే చప్పుడు

ఖరీఫ్ నెలల్లో ఒమాన్‌లోని ధోఫార్ కొండల మీద బండి కంటికి ఆనకముందే చెవికి తెలుస్తుంది. జూన్ ఆఖరు నుంచి సెప్టెంబరు దాకా అరేబియా సముద్రం మీంచి లేచిన మబ్బు ఈ కొండలకు తగులుకుని అక్కడే కూచుంటుంది. దాన్ని వాన అనలేం. ముఖం తడుస్తుంది, చొక్కా తడవదు. శిఖరానికి అవతల తుమ్రైత్ ఎండకు మాడుతూ ఉంటే, ఇవతలి వాలు మన కోనసీమ కంటే పచ్చగా, రోడ్డేమో సబ్బు పూసినట్టు ఉంటుంది. ఆ వాలు మీదుగానే తుమ్రైత్ వైపు నుంచి జిప్సం రాయి వేసుకున్న లారీలు రైసూత్ ఓడరేవుకు దిగుతాయి. ఆగిపోయిన బండి కోసం స్పానర్ల పెట్టె పట్టుకుని ఆ మంచులో రోడ్డు పక్కన నిలబడితే, వచ్చే లారీ ఏ గేర్‌లో ఉందో, డ్రైవరు బ్రేకు తొక్కుతున్నాడో లేదో, లోడు ఎంతుందో, అన్నీ చప్పుడే చెబుతుంది.

నాకు ఈ చెవి పెట్టినవాడు మామ. నిజానికి చుట్టరికం ఏమీ లేదు. ఇద్దరిదీ రాజంపేట వైపు, అందుకని మామ. ఇక్కడి సనాయాలో, అంటే పారిశ్రామికవాడలో, నేను వర్క్‌షాపు మనిషిని, ఆయన ట్రెయిలరు మనిషి. ఒమాన్‌కు రాకముందు మదరాసు లైనులో లారీ నడిపాడు, అంతకు ముందు అదే లైనులో క్లీనరు. ఆయన కాలపు లారీ గేర్‌బాక్సులో పళ్లను జత కలిపి పెట్టే ఏర్పాటు ఉండేది కాదు. గేరు దించాలంటే క్లచ్ తొక్కి న్యూట్రల్‌కు తెచ్చి, వదిలి, యాక్సిలరేటర్‌ను ఓ మాటు తాకించి, మళ్లీ క్లచ్ తొక్కి గేరు వేయాలి. డబుల్ క్లచ్ కొట్టడం అంటారు. ఇంజను వేగం, గేరు పళ్ల వేగం కలిసిన క్షణాన్ని చెవితో పట్టుకోవాలి. పట్టుకోలేకపోతే కరకరమని ఊరంతా వినపడుతుంది, తర్వాతి చాయ్ దుకాణం దగ్గర నవ్వడానికి జనం సిద్ధంగా ఉంటారు. ఘాటు దిగేటప్పుడైతే అది నవ్వులాట కాదు. ఎక్కిన గేర్‌లోనే దిగాలి. మధ్యలో మార్చబోయి గేరు పడకపోతే బండి న్యూట్రల్‌లో జారిపోతుంది. బ్రేకు మీదే కాలు పెట్టి దిగితే లైనర్లు కాలి, వాసన వచ్చే వేళకు బ్రేకులో పట్టు ఉండదు.

ఇదంతా కార్ల పందేల గురించి రాద్దామని మొదలుపెట్టిందే. మామకు ఆ పిచ్చి షోలవరంలో పట్టుకుంది. మదరాసు నుంచి నెల్లూరు వచ్చే దారిలో, రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల రన్‌వే అది. యుద్ధం అయిపోయాక దాని మీద మదరాసు మోటార్ స్పోర్ట్స్ క్లబ్ వాళ్లు పందేలు పెట్టేవారు. కోయంబత్తూరు కరివర్ధన్ మారుతి 800 ఇంజనుతో ఒంటి సీటు కార్లు తయారుచేయించిన రోజులు ఆయనకు బాగా గుర్తు. శుక్రవారం సెలవునాడు గదిలో ఫోన్‌లో పాత పందేలు చూస్తాడు. కొత్తవి పెడితే ముఖం తిప్పుకుంటాడు. "ఇప్పటోళ్లకు ఏం పనుందిరా అల్లుడూ, అంతా కంప్యూటరే కదా. ఆ సెన్నా ఉన్నాడే, అదీ తోలడమంటే."

ఫార్ములా వన్ డ్రైవరు సెన్నా పేరెత్తగానే ఆయన పెట్టించేది 1993 ఏప్రిల్ 11న డోనింగ్టన్‌లో జరిగిన యూరోపియన్ గ్రాండ్ ప్రీ. వాన. నాలుగో చోట మొదలుపెట్టి, తొలి మలుపుకు ముందే ఐదుకు పడిపోయి, ఆ ల్యాప్ పూర్తయ్యేలోపు అందరినీ దాటేశాడు. చివరికి రెండోవాడైన డేమన్ హిల్ కంటే నిమిషం మీద ఇరవైమూడు సెకన్లు ముందు. డ్రైవరు గొప్పతనానికి ఇంతకు మించిన సాక్ష్యం లేదని ప్రపంచమంతా అంటుంది, నేనూ అంటాను. అయితే ఆ మెక్‌లారెన్ ఎంపీ4/8 కారులో యాక్టివ్ సస్పెన్షన్ ఉంది, ట్రాక్షన్ కంట్రోల్ ఉంది, గేరు మార్చడానికి క్లచ్ తొక్కే పనిలేని గేర్‌బాక్స్ ఉంది. ఎలక్ట్రానిక్ సహాయాలు ఫార్ములా వన్‌లో పతాక స్థాయికి చేరిన ఏడాది అది. వాటిని మరుసటి ఏడు, 1994లో, నిషేధించారు. ఇంకా వెనక్కి పోతే, యాక్టివ్ సస్పెన్షన్ ఉన్న కారుతో మొదటి గ్రాండ్ ప్రీ గెలిచినవాడూ సెన్నాయే, 1987లో మొనాకోలో, లోటస్ మీద. మిషను రాకముందు మనిషి ఎంత గొప్పగా తోలేవాడో చూపించడానికి మనం ఎత్తుకునే ఉదాహరణే మిషను పుష్కలంగా ఉన్న కారులోది.

ఈ సంగతి చెబితే మామ ఒప్పుకోలేదు. "అందరికీ ఉంటే లేనట్టే కదా" అన్నాడు. మంచి మాటే, కానీ పూర్తిగా నిజం కాదు. 1991లో విలియమ్స్ జట్టులో రికార్డో పత్రేసే, నైజెల్ మాన్సెల్‌కు దీటుగా నడిపాడు. 1992లో అదే జట్టుకు యాక్టివ్ సస్పెన్షన్ కారు వచ్చింది. మలుపులో ఒళ్లు ఎటు ఒరగాలో, నేలను ఎంత కరుచుకోవాలో కారే నిర్ణయించుకుంటుంది. దాంతో స్టీరింగ్‌లోంచి, సీటులోంచి చేతికీ నడుముకూ అందే కబురు తగ్గిపోయింది. ఆ కబురు మీద బతికిన పత్రేసేకు కారు అంతుపట్టలేదు. మాన్సెల్ మాత్రం కబురు అందకపోయినా పట్టు ఉందని నమ్మి మలుపులోకి దూకాడు, ఛాంపియన్ అయ్యాడు. సహాయం వచ్చినంత మాత్రాన ఇద్దరూ సమానం కాలేదు. తడిమి తెలుసుకునే విద్య స్థానంలో, తడమకుండా నమ్మే విద్య వచ్చింది. నా అభిరుచి మొదటిదాని వైపే. కానీ రెండోదాన్ని విద్య కాదనడానికి నాకు నోరు రాదు.

అయితే పోయిందేమిటి? నా వృత్తి వల్లనో ఏమో, నాకు జవాబు చప్పుడులో కనపడుతుంది. ట్రాక్షన్ కంట్రోల్ పని చేసే తీరు చాలా సాదా. ఇంజను తిప్పే చక్రాలు, తిప్పని చక్రాల కంటే వేగంగా తిరుగుతుంటే జారుతున్నట్టు లెక్క. వెంటనే కొన్ని సిలిండర్లకు నిప్పు ఆపి ఇంజను బలం తగ్గిస్తుంది. పందెం కారు మలుపు దాటుతూ వేగం అందుకునేటప్పుడు అది తడబడుతూ తుపతుపలాడినట్టు వినిపిస్తుంది. అది లేని కారులో ఆ పనంతా డ్రైవరు కుడికాలిది. అక్కడ శబ్దం తెగదు, సన్నగా హెచ్చుతగ్గులు పోతుంది. రెండు శబ్దాల తేడా తెలిసినవాడు రేసు తీర్పు చెప్పగలడు. 1994లో జపాన్‌లోని ఐదాలో మొదటి మలుపులోనే ఎవరో గుద్దితే సెన్నా రేసు అయిపోయింది. గ్యారేజీకి పోకుండా ట్రాక్ పక్కన నిలబడి ప్రత్యర్థి షుమాకర్ బెనెటన్ కారు దాటిపోతుంటే విన్నాడని, అందులో నిషేధించిన సరుకు ఉందని నమ్మాడని తర్వాత చాలామంది చెప్పారు. ఆ ఏడాది విచారణలో బెనెటన్ సాఫ్ట్‌వేర్‌లో, తెర మీద కనపడే మెనూకు కింద దాగిన పదమూడో ఆప్షన్‌గా, రేసు మొదలయ్యేటప్పుడు చక్రాలు జారకుండా చూసే లాంచ్ కంట్రోల్ దొరికింది. రేసులో వాడినట్టు మాత్రం రుజువు కాలేదు. ఇక్కడ తప్పెవరిదన్నది నాకు ముఖ్యం కాదు. ప్రపంచంలో అందరికంటే బాగా తోలగలిగినవాడు కూడా ఇంకొకడి కాలు పనా, పెట్టె పనా అని చెవి పెట్టి తేల్చుకోవలసి వచ్చింది. అదీ నాకు గుచ్చుకునేది. ఎవరు దొంగచాటుగా వాడుతున్నారో పట్టుకోలేక 2001లో ట్రాక్షన్ కంట్రోల్‌ను మళ్లీ అనుమతించారు. 2008లో అన్ని జట్లకూ ఒకే కంట్రోల్ పెట్టె ఇచ్చి మళ్లీ తీసేశారు.

అంటే తోలే నేర్పు ఎక్కడికీ పోలేదు, పోయిందల్లా చూసేవాడి ధీమా. గ్యాలరీలో కూచున్నవాడు, చాయ్ దుకాణం దగ్గరి క్లీనరు, ఇది వీడి పనితనమే అని చప్పట్లు కొట్టగలిగే ధీమా. ఇప్పటి ఫార్ములా వన్ డ్రైవరు గంటకు మూడొందల కిలోమీటర్ల మీద స్టీరింగ్ మీది మీటలు తిప్పి మలుపు మలుపుకూ బ్రేకు వాటం, డిఫరెన్షియల్ బిగువు మారుస్తాడు. అది ఎంత కష్టమో ఊహిస్తే నాకు గుండె ఝల్లుమంటుంది. చూసే కంటికి మాత్రం ఏమీ ఆనదు. ఆనని నేర్పుకు జనం చప్పట్లు కొట్టరు, కొట్టమని బలవంతం చేయడమూ న్యాయం కాదు.

పాతకాలం మీద ప్రేమకు ఇంకో లెక్క కూడా చెల్లించాలి, దాన్ని ఎగ్గొట్టి మాట్లాడేవాళ్లంటే నాకు చిరాకు. 1968 ఆగస్టులో నూర్బర్గ్‌రింగ్‌లో జర్మన్ గ్రాండ్ ప్రీ వానలో, మంచులో జరిగింది. ఒక్కో ల్యాప్ దాదాపు 23 కిలోమీటర్ల అడవి దారి. విరిగిన మణికట్టుకు పట్టీ కట్టుకుని జాకీ స్టీవర్ట్ నాలుగు నిమిషాలకు పైగా తేడాతో గెలిచాడు. ఖరీఫ్‌లో మా ఘాటు చూసినవాడికి ఆ నాలుగు నిమిషాలు ఎంతటివో విడమరచి చెప్పనక్కర్లేదు. కానీ ఆ ఏడాది ఏప్రిల్‌లో జిమ్ క్లార్క్, మేలో మైక్ స్పెన్స్, జూన్‌లో లూడోవికో స్కార్ఫియోటీ, జూలైలో జో ష్లెసర్ పోయారు, నెలకొకరు. అంత గొప్పగా గెలిచిన స్టీవర్టే ట్రాకుల పక్కన రక్షణ కంచెలు, డాక్టర్లు కావాలని అందరితో పోరాడి, పిరికివాడన్న మాట పడ్డాడు. పాత రేసుల అందం గురించి ఆయనకు తెలిసినంత మనకు తెలియదు, అయినా ఆయన అటు వెళ్లాడు.

మామ కూడా అంతే. ఫోన్‌లో సెన్నాను పొగిడే మనిషి, తన ట్రెయిలరుకు ఏబీఎస్ సెన్సరు పనిచేయకపోతే బండి తీయడు. "తడి రోడ్డు మీద వెనక బండి అడ్డం తిరిగితే సెన్నా వచ్చి పట్టుకుంటాడా?" అంటాడు. పందెం చూసేటప్పుడు ఒక మనిషి, ఘాటు దిగేటప్పుడు ఇంకో మనిషి. ఇందులో వైరుధ్యం ఏమీ లేదని నేను అనుకుంటున్నాను. రేసులో అపాయాన్ని డబ్బులిచ్చి చూస్తాం, దారిలో ఆ అపాయంతోనే బువ్వ తింటాం.

ఇక్కడి ఒమానీ కుర్రాళ్లది మరో తీరు. తుమ్రైత్ దాటి రబ్ అల్ ఖాలీ ఎడారి అంచుకు ల్యాండ్ క్రూయిజర్లలో పోతారు. ఇసుక మొదలవగానే చేసే రెండు పనులు, టైర్లలో గాలి సగానికి తీసేయడం, ట్రాక్షన్ కంట్రోల్ బటన్ నొక్కి ఆపేయడం. ఇసుకలో చక్రం కాస్త జారితేనే బండి ముందుకు పోతుంది. జారుతోందని కంప్యూటరు ఇంజను గొంతు నొక్కితే తిన్నె మధ్యలో కూరుకుపోతుంది. తారు రోడ్డు ఎక్కగానే బటన్ మళ్లీ నొక్కుతారు. వాళ్లకు ఇది పాతా కొత్తా అన్న గొడవ కాదు. ఎక్కడ మిషను మాట వినాలో, ఎక్కడ నోరు మూయించాలో తెలియడమే వాళ్ల లెక్కలో డ్రైవింగు. నోస్టాల్జియా లేకుండా నేర్పును గౌరవించేవాళ్లను నేను వాళ్లలోనే చూశాను.

2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ పక్కన కరెంటు కార్ల ఫార్ములా ఈ రేసు జరిగినప్పుడు, అక్కడున్న మా బంధువుల అబ్బాయి వీడియో పంపాడు. ఇంజను మోత లేని రేసు. మామ చెవికి ఏం దొరుకుతుందిలే అనుకుంటూనే పెట్టాను. విచిత్రంగా ఆయనకు నచ్చింది. మోత పోయేసరికి ఇన్నాళ్లూ దాని కింద అణగిపోయిన టైరు ఏడుపు పైకి వచ్చింది. ఒక కారు మలుపులోకి వస్తుంటే, "వీడు ఆలస్యంగా తొక్కినాడు, చూడు, బయటికి పోతాడు" అన్నాడు, పోయింది. ఆ కార్లలో ట్రాక్షన్ కంట్రోల్ నిషేధమని చెప్పాను. వెనక చక్రాలను ఆపే పని ఎక్కువగా మోటారే చేస్తుందనీ, ఆ ఆపడంలోనే బ్యాటరీలోకి కరెంటు తిరిగి వస్తుందనీ చెప్పాను. "మనం ఘాట్లో ఇంజను మీద వదిలి దిగినట్టేనా? మనకు పైసా తిరిగి రాదు, వాళ్లకు కరెంటు వస్తాది" అన్నాడు.

ఇప్పుడు మా బండ్లన్నిటికీ ఐవీఎంఎస్ పెట్టెలున్నాయి. ఎక్కడ గట్టిగా బ్రేకు తొక్కారు, ఎక్కడ వేగం మించారు, అన్నీ అవి రాసుకుంటాయి. ల్యాప్‌టాప్ తగిలించి ఆ చిట్టాలు దించడం నా పనిలో భాగం. ఖరీఫ్ నెలలో కొత్త డ్రైవర్ల చిట్టాలు ఎర్రగీతలతో నిండి వస్తాయి. మామ చిట్టా ఖాళీగా వస్తుంది. తుమ్రైత్ నుంచి రైసూత్ దాకా నిండు లోడుతో, మంచులో, రోడ్డు మీద తోచినట్టు నడిచే ఒంటెల మధ్య దిగిన మనిషి గురించి యంత్రం దగ్గర చెప్పడానికి ఒక్క ముక్క లేదు. ఆఫీసులో దాన్ని చూసే కుర్రవాడు తెర కిందికి జరిపి తర్వాతి పేరుకు పోతాడు. తప్పు చేస్తేనే కనపడేలా కట్టిన కొలబద్ద అది. అతను చేయగలిగిందీ ఏమీ లేదు.

వచ్చే బ్యాచ్ ట్రెయిలర్లు గేరు వాటంతట అవే మార్చుకునేవి. కొత్త కుర్రాళ్లకు ఘాటు నేర్పమని మామకే చెప్పారు. గేరే లేనప్పుడు ఏం నేర్పుతావని అడిగాను.

"వాలు మొదలయ్యే ముందరే స్పీడు తగ్గించమంటా. వాలు వస్తాదని బండికి తెల్దు కదా."

కొన్ని కొత్త బండ్లకు అదీ తెలుసన్నాను. రోడ్డు ఎత్తుపల్లాల మ్యాపు వాటిలోనే ఉంటుంది, వాలు రాకముందే గేరు దించుకుంటాయి.

మామ కొంచెంసేపు ఆలోచించాడు. "ఒంటె వస్తాదని గూడా చెప్తాదా?"

ఇంకా లేదన్నాను. "అయితే ఈ ఏడుకు నా జీతం ఉందిలే" అని టైర్లు తట్టి చూసుకోవడానికి లేచాడు.