సహోదరుని కోసం ఒక గ్లాసు



కొరింతు పట్టణపు అంగడిలో విగ్రహాలకు అర్పించిన మాంసం కూడా అమ్మేవారు. విగ్రహం వట్టిదే కనుక తింటే తప్పులేదని కొందరు విశ్వాసులు వాదించారు. విగ్రహం వట్టిదేనని పునీత పౌలుగారు తమ మొదటి లేఖ 8వ అధ్యాయంలో ఒప్పుకొన్నారు. అయితే నిన్నటిదాకా విగ్రహాలను కొలిచిన సహోదరుడు మిమ్ము చూచి, మనస్సాక్షి ఒప్పకున్నా తిని పడిపోతే? క్రీస్తునాథుడు అతని కోసం కూడా ప్రాణమిచ్చారు గదా! తన భోజనం సహోదరునికి ఆటంకమైతే ఇక మాంసమే ముట్టనన్నారు పౌలుగారు.

ఇప్పుడు మన ఇంటికి వద్దాం. బిడ్డ జ్ఞానస్నానపు విందు. మితంగా పుచ్చుకొనే మీకు ఒక గ్లాసు పాపం కాకపోవచ్చు. కాని అదే పంక్తిలో, తాగుడు మానుకొని ఆరు నెలలుగా పోరాడుతున్న మీ బావగారున్నారు. “ఒక్క గుక్కకేమవుతుంది బావా?” అని మీరు నవ్వుతూ అందిస్తే, రేపు ఏడ్చేది మీ అక్కగారే.

ఆ పూట మందు లేకుండానే విందు జరపండి. ఎందుకని ఎవరైనా అడిగితే బావగారి పేరెత్తకండి. మీ హక్కును ఎవరూ లాగుకోలేదు, ప్రేమతో మీరే విడిచారు. అలా విడువగల మనసును సర్వేశ్వరుడు మనకు దయచేయునుగాక! ఆమెన్.