అడ్డువచ్చిన జ్వరము

పఠనము: గలతీ 4:12–15, యాకోబు 4:13–15, 2 తిమోతి 4:20

దూరప్రయాణమునకు బయలుదేరువాడు ముందుగా ఒక కాగితము తీసికొని గడులు గీయును. ఏ దినమున ఏ ఊరు, ఏ రైలు, ఏ బస, ఎంత వ్యయము అని వరుసగా వ్రాసికొనును. ఆ కాగితములో జబ్బుకొరకు గడి గీయువాడు ఎవడును లేడు. నేనును గీయలేదు.

కొన్ని సంవత్సరముల క్రిందట నా భార్యయు నేనును సెలవు దినములు గడపుటకై హౌరాకు వెళ్లితిమి. నాలుగు దినములు అక్కడనుండి, తరువాత డార్జిలింగు చూచి, సరిహద్దు దాటి కాఠ్మండువరకు పోవలెనని మా ఏర్పాటు. మా సంఘస్థుల బంధువులైన ఒక తెలుగు కుటుంబము హౌరాలో మాకు బస ఇచ్చిరి. ఆ ఇంటి పెద్దామె భర్త యౌవనములో శ్రీకాకుళము ప్రాంతమునుండి జూట్ మిల్లు పనికై హుగ్లీ తీరమునకు వచ్చినవాడు. ఆయన గతించి చాలకాలమైనది. కుమారుడు రైల్వే ఉద్యోగి. మనుమలకు బెంగాలీ, హిందీ అక్షరములు వచ్చును గాని తెలుగు అక్షరములు రావు.

మూడవ దినమున శ్రీరాంపూరు చూడబోతిమి. హౌరానుండి హుగ్లీకి 1854 ఆగస్టు 15న మొదటి రైలు నడచిన దారి అదే. వేదాంత విద్యార్థినైన నాకు అది పుట్టినింటికి పోయినట్లుండెను. 1818లో స్థాపింపబడిన కళాశాలను, విలియం కేరీ సమాధిని చూచితిమి. 1812 మార్చి 11న అక్కడి ముద్రణాలయము అగ్నికి ఆహుతియైనప్పుడు కేరీ వ్రాసికొన్న తెలుగు వ్యాకరణపు వ్రాతప్రతియు కాలిపోయెను. ఆయన తిరిగి కూర్చుండి వ్రాసెను. 1814లో అది అచ్చుపడెను. తెలుగు క్రొత్త నిబంధన 1818లో వెలువడెను. ఈ సంగతులు నా భార్యకు చెప్పుచుండగానే నా కాళ్లు వణకుచుండెను. ప్రొద్దుటినుండి కడుపులో నొప్పి, ఒంటిలో వేడి. చెప్పినచో ప్రయాణము ఆగిపోవునను భయముచేత దాచితిని. కాలిన వ్రాతప్రతిని తిరిగి వ్రాసినవాని ఓర్పును పొగడిన నోటితోనే, ఒక రైలు తప్పిపోవునేమోయని అబద్ధమాడితిని!

ఆ రాత్రి దాచుటకు వీలులేకపోయెను. నా భార్య నుదురు తాకి, “ఏమండీ, ఒళ్లు కాలిపోతున్నది. ఇక కొండల మాట ఎత్తకండి” అనెను. నేను ఆమెమీద కోపపడితిని. టిక్కెట్ల సొమ్ము, ముందుగా కట్టిన బస సొమ్ము, మరల దొరకని సెలవు, ఇవన్నియు లెక్కచెప్పితిని. ఆమె బదులు చెప్పక తడిగుడ్డ తెచ్చి నా నుదుటిమీద వేసెను. మరునాడు వచ్చిన వైద్యుడు, “పది దినములు కదలరాదు” అని తేల్చి, మందులతోపాటు నీళ్లలో కలుపుకొను ఉప్పు, గ్లూకోజు పొట్లములు ఇచ్చెను.

ఆ పొట్లముల వెనుక ఒక చరిత్ర కలదు. 1971లో తూర్పు బెంగాలునుండి లక్షలాది శరణార్థులు సరిహద్దు దాటి వచ్చినప్పుడు, బనగావ్ శిబిరములో కలరా వ్యాపించెను. రక్తనాళములోనికి ఎక్కించు సెలైను చాలలేదు. అప్పుడు దిలీప్ మహలనబిస్ అను వైద్యుడు ఉప్పు, గ్లూకోజు, వంటసోడా కలిపిన నీటిని డ్రమ్ములలో నింపించి, రోగుల బంధువులచేతనే త్రాగించెను. ఆ ద్రావణముయొక్క గుణము పరిశోధకులకు అంతకుముందే తెలిసినది. కాని అంతటి విపత్తులో, సామాన్యుల చేతులకప్పగించి దానిని వాడుట సాహసము. నూటికి 30 వరకు ఉండిన మరణములు ఆ శిబిరములో 4కంటె తక్కువకు దిగెను. ఆయన 2022లో మరణించెను. 2023లో ప్రభుత్వము ఆయనకు పద్మవిభూషణ్ ప్రకటించెను. సెలైను చాలకపోవుట గొప్ప కొరతయే. ఆ కొరతనుబట్టియే ప్రతి తల్లి చేతికి అందగల మందు వెలుగులోనికి వచ్చెను.

మంచముమీద నేను ఈ సంగతి తలంచియుండవలసినది. కాని నా మనస్సంతయు తప్పిపోయిన రైలు వెంబడి పరుగెత్తుచుండెను. హౌరా స్టేషను దిక్కునుండి రైలు కూత వినబడినప్పుడెల్ల ముఖము గోడవైపు త్రిప్పుకొనుచుంటిని.

నాలుగవ సాయంకాలమున ఇంటి పెద్దామె గుడ్డలో చుట్టిన పుస్తకము నొకదానిని నా ప్రక్కన పెట్టెను. అది ఆమె భర్త చదువుకొనిన తెలుగు బైబిలు. “ఆయన పోయినాక దీన్ని చదివేవారు లేరు, అయ్యగారూ. ఓపికుంటే రెండు ముక్కలు వినిపించండి” అనెను. నాకు ఓపిక లేదు, ఇష్టమును లేదు. మర్యాదకొరకు చదివితిని. మరునాడు ఆమె మరల వచ్చి కూర్చుండెను. కోడలు పొయ్యి దింపి వచ్చెను. పిల్లలు గుమ్మములో నిలిచిరి. గలతీ పత్రిక నాలుగవ అధ్యాయమునకు వచ్చినప్పుడు నేను ఆగితిని.

ఆ సంఘమువారికి తాను మొదటిసారి సువార్త చెప్పిన సందర్భమును పౌలు అచ్చట జ్ఞాపకము చేయుచున్నాడు. మన తెలుగు అనువాదము చదివినప్పుడు, శరీరములో బలహీనత ఉన్నను ఆయన ప్రకటించెనను భావము మనస్సునకు తోచును. గ్రీకు మూలములో ‘దియా’ అను చిన్న మాట ఉన్నది. అది ఒక విభక్తితో చేరినప్పుడు ‘ద్వారా’ అనియు, మరియొక విభక్తితో చేరినప్పుడు ‘కారణముచేత’ అనియు అర్థమిచ్చును. ఇచ్చట ఉన్నది రెండవది. అనగా రోగము ఉన్నను ప్రకటించెనని కాదు. రోగము కారణముగా ప్రకటించెనని అర్థము. పౌలు బహుశః గలతీయ ప్రాంతమును దాటిపోవలెనని బయలుదేరియుండవచ్చును. జబ్బు ఆయనను అక్కడ ఆపెను. ఆగినచోట సంఘము పుట్టెను. ఆ జబ్బు పంఫూలియ పల్లపు భూములలో సోకిన మలేరియా అయియుండునని విలియం రామ్సే అను పండితుడు ఊహించెను. అది ఊహయే. జబ్బు పేరు అపొస్తలుడు చెప్పలేదు. దాని ఫలము మాత్రము చెప్పెను.

నేను ఈ సంగతిని నాకు చేతనైనంత సులభముగా వివరించితిని. పెద్దామె క్షణమాలోచించి ఇట్లనెను: “అంతే కదా అయ్యగారూ! మీకు జొరం రాబట్టే కదా మా ఇంట ఈ పుస్తకం తెరుచుకున్నది.”

ప్రియ చదువరులారా, ‘రాబట్టి’ అను ఆ మాటకొరకు నేను అనేక సంవత్సరములు నిఘంటువులు త్రిప్పితిని. అనువాదకుని బల్లమీద దొరకని మాట రోగి మంచముప్రక్కన దొరికెను. ఆ రాత్రి రైలు కూత వినబడినప్పుడు నేను గోడవైపు తిరుగలేదు.

ఈ అనుభవమునుండి మూడు సంగతులు మీ యెదుట ఉంచుచున్నాను.

మొదటిది: ఏర్పాటు చేసికొనుట పాపము కాదు, ఏర్పాటును ఏలికగా చేసికొనుట పాపము. యాకోబు వర్తకులను గద్దించినది వారు లెక్కలు వేసినందుకు కాదు, రేపటిని తమ సొత్తుగా ఎంచినందుకు. పౌలును స్పెయినుకు పోవలెనని రోమీయులకు వ్రాసెను. మనము ఉత్తరముల చివర ‘ప్రభువు చిత్తమైతే’ అని అలవాటుగా వ్రాయుదుము. ఆయన చిత్తము మన గడులతో ఏకీభవించినంతకాలము ఆ మాట సులభమే. గడి తప్పినప్పుడే ఆ మాట మనము నమ్మి వ్రాసినదో, సిరా వ్యర్థపరచినదో తెలియును.

రెండవది: ఆగిపోవుటకును ఒకరి సేవ పొందుటకును విశ్వాసము కావలెను. త్రోఫిము రోగియైయుండగా అతనిని మిలేతులో విడిచివచ్చితినని పౌలు తిమోతికి వ్రాయుచున్నాడు. అనేకులను స్వస్థపరచిన అపొస్తలుని ప్రక్కననే ఒక సహచరుడు రోగియై నిలిచిపోయెను. అతని విశ్వాసము చాలలేదని పౌలు ఒక్కమాటయైన అనలేదు. కాబట్టి జబ్బుపడినవారిని చూచి, ఏ పాపము చేసిరో అని గుసగుసలాడువారు ఈ వచనము చదువవలెను. జబ్బు దాచి ప్రయాణమాడువారును చదువవలెను. ఒంటి నొప్పిని దాచుట ధైర్యము కాదు. నావంటివారి విషయములో అది గర్వము. వైద్యుడు ఆగుమన్నప్పుడు ఆగుట కూడ విధేయతయే. గలతీయులు రోగియైన పౌలును తృణీకరింపక దేవదూతనువలె చేర్చుకొనిరి. నన్నును అట్లే చేర్చుకొనిరి. వారు తమ ఇంటిలోని ముందుగది మాకిచ్చి తాము వంటగదిలో పండుకొనిరి. కుమారుడు పిల్లలను పూరీ సముద్రము చూపుటకై పెట్టుకొనిన సెలవును నాకు మందులు తెచ్చుటలో గడిపెను. ఈ సంగతి మేము బయలుదేరు దినమున, ఒక పిల్లవాడు నోరు జారి చెప్పగా తెలిసినది. నా ప్రయాణము చెడిపోయెనని నేను పది దినములు సణిగితిని. వారి ప్రయాణము చెడిపోయెనని వారు నోరెత్తలేదు! నేను సిగ్గుపడి, నా భార్య యెదుటను వారి యెదుటను క్షమాపణ వేడుకొంటిని.

మూడవది: ‘అయినను’ అను మాటతో ఆగక, ‘అందునుబట్టి’ అను మాట నేర్చుకొనవలెను. 1835లో బోస్టనునుండి ఓడ యెక్కిన శామ్యూల్ డే 1836 ఫిబ్రవరిలో ఈ కలకత్తా రేవుననే దిగి, తెలుగువారియొద్దకు సాగెను. 1840లో నెల్లూరు చేరెను. కొన్ని ఏండ్లకే ఆరోగ్యము చెడి అమెరికాకు తిరిగిపోవలసివచ్చెను. పని ముగిసినట్లే కనబడెను. ఆ మిషనును మూసివేయవలెనను మాటయు పుట్టెను. కాని జబ్బుపడి ఇంటికి వచ్చుటనుబట్టి, ఆయన తన సంఘములయెదుట నిలువబడి తెలుగువారికొరకు బ్రతిమాలుటకు తావు కలిగెను. 1849లో లైమన్ జ్యూయెట్‌ను వెంటబెట్టుకొని ఆయన నెల్లూరు చేరెను. 1853లో మరల జబ్బే ఆయనను వెనుకకు పంపెను. 1878 జూలై 3న గుండ్లకమ్మ తీరమున ఒక్కదినమందే 2,222 మంది బాప్తిస్మము పొందినప్పుడు ఆయన లోకములో లేడు, 1871లోనే కన్నుమూసెను. తన జబ్బుయొక్క ‘అందునుబట్టి’ని ఆయన పూర్తిగా చూడలేదు. మనమును చూడకపోవచ్చును.

ఇచ్చట ఒక జాగ్రత్త అవసరము. దేవుడే జ్వరము పంపెనని నేను చెప్పుటలేదు. పౌలు తన శరీరములోని ముల్లును సాతాను దూత అని పిలిచెను. అది తొలగవలెనని మూడుమారులు వేడుకొనెను. రోగము మంచిదని రోగితో చెప్పుట క్రూరత్వము. మంచము దిగని రోగులు, తిరిగి ఇల్లు చేరని ప్రయాణికులు అనేకులున్నారు. వారి బంధువులకు నా కథ చెప్పి ఓదార్చజాలను. సిలువమీద వ్రేలాడిన ప్రభువు వారికి నాకంటె దగ్గరగా ఉన్నాడు. అయితే చెడ్డదియైనను ఏదియు ఆయన చేతికి అందనంత దూరమున లేదు. ఇంతవరకే చెప్పగలను, ఇది చాలును.

మేము డార్జిలింగు చూడలేదు, కాఠ్మండు చూడలేదు. టిక్కెట్ల సొమ్ములో కొంత తిరిగి వచ్చినది, కొంత రాలేదు. పదునొకండవ దినమున హౌరాలో మన ప్రాంతమునకు వచ్చు రైలెక్కితిమి. బయలుదేరుటకు ముందు పిల్లలిద్దరును ఒక పలకమీద ‘దేవుడు’ అను మాట తెలుగులో వ్రాసి నాకు చూపిరి. చివరి నాలుగు దినములు నా భార్య వారికి అక్షరములు దిద్దించినది. ‘వు’ కొంచెము వంకరగా ఉండెను. నా సెలవు దినములలో నేను చూచిన దర్శనీయ స్థలము అదియే.

ప్రార్థన: ప్రభువా, మా దినములు నీ చేతిలో ఉన్నవి. మా ఏర్పాట్లు తలక్రిందులైనప్పుడు సణుగుకొనక నీవైపు చూచు మనస్సు దయచేయుము. పరస్థలములలో జబ్బుపడినవారికి ఆదరించు ఇండ్లను, మా ఇండ్లకు అట్టివారిని చేర్చుకొను ప్రేమను అనుగ్రహింపుము. ఆమేన్.