బొమ్మకు నోచుకొనని బండి

ఒక వస్తువు బొమ్మగా మాఱుటకు దానికుండవలసిన అర్హత ఏమి? ఇది పసివాండ్ర ఆటలకు సంబంధించిన ప్రశ్న యని త్రోసిపుచ్చుట సులభము. కాని ఒక జాతి దేనిని జానెడుగా చేసి యింట నిలుపుకొనునో చూచినచో, ఆ జాతి దేనిని గొప్పదిగా నెంచెనో తెలియును. కోవెలలోని దేవుడు పూజాగృహమున చిన్న విగ్రహమగుచున్నాడు. రాజు నాణెముపై బొటనవ్రేలి గోరంత యగుచున్నాడు. నేటికాలమున యుద్ధవిమానములును, యుద్ధనౌకలును, పందెపుకార్లును ప్లాస్టిక్ ముక్కలుగా పెట్టెలలో అమ్ముడుపోవుచున్నవి. మన ఊళ్లకు ఉప్పును, ఎరువును, మందులపెట్టెలను మోసికొనివచ్చిన చిన్నలోరీకి మాత్రము ఆ పెట్టెలలో చోటు దొరకుట అరుదు. ఇది న్యాయమా యని అడుగుటయే ఈ వ్యాసమున నా ఉద్దేశము.

ఆ పెట్టెల నెరుగనివారికొఱకు ఒక మాట. ఉక్కు అచ్చులోనికి కరగిన ప్లాస్టిక్కును ఒత్తిడితో ఎక్కింతురు. చల్లారిన పిదప బండి చక్రములు, తలుపులు, ఇరుసులు, దీపములు ఒక చట్రమునకు తొడిమలతో వ్రేలాడు కాయలవలె బయటికి వచ్చును. కొన్నవాడు వానిని త్రుంచి, అరగదీసి, జిగురుతో అతికి, రంగు వేసికొనవలెను. కొలత తప్పరాదు. 24వ వంతు అను కొలతలో 480 సెంటీమీటర్ల లోరీ 20 సెంటీమీటర్లగును. ఇక్కడ ఒక విచిత్రము గమనింపదగియున్నది. పొడవు 24వ వంతునకు తగ్గినచో ఘనపరిమాణము 13,824వ వంతునకు తగ్గును. అనగా మూడు టన్నుల బరువు ఇంచుమించు 217 గ్రాములగును. పిల్లవాడు ఒకచేత ఎత్తగలడు. రూపమును కుదించుటకు కొలబద్ద కలదు. శ్రమను కుదించుటకు కొలబద్ద లేదు. ఆ లోటును చేయువాని తెలివియే పూరింపవలెను.

అచ్చు చేయించుటకు పెద్ద మొత్తము కావలెను. వేలకొలది పెట్టెలు అమ్ముడైనగాని ఆ సొమ్ము తిరిగి రాదు. కనుక అందఱెఱిగిన బండినే వారు ఎన్నుకొందురు. వ్యాపారి చేసినది తప్పని నే ననను. కాని అమ్ముడగుట వేఱు, అర్హమగుట వేఱు. ఈ రెంటిని ఒకటిగా తలచుటవలననే లోకమున పెక్కు అన్యాయములు అన్యాయములుగా కనబడకుండ పోవుచున్నవి.

ఈ విద్య మొదటినుండియు కీర్తినే వెంబడించెనా యనిన, లేదు. ఇంగ్లండులోని ఎయిర్‌ఫిక్స్ సంస్థ 1949లో చేసిన తొలి నమూనా యుద్ధవిమానము కాదు; ఫెర్గూసన్ ట్రాక్టరు. అమ్మకపుమనుషులు రైతులకు చూపుటకొఱకు దానిని చేయించిరి. అతుకుట కష్టమై, తరువాత ముక్కలుగానే అమ్మసాగిరి. పొలము దున్నిన యంత్రముతో ఆరంభమైన పని కాలక్రమమున యుద్ధములవైపు మరలెను. జపానులో తమియా సంస్థ 1946లో షిజువోకా పట్టణమున కలపకోత మిల్లుగా పుట్టి, కొయ్యబొమ్మలకు తిరిగి, 1960లో ప్లాస్టిక్కుతో తొలుత యమాతో యుద్ధనౌకను చేసెను. అయినను జపానువారు చిన్నవానిని పూర్తిగా మఱువలేదు. అక్కడి చిన్న వర్తకుల సరుకు మోసిన నిస్సాన్ సన్నీ ట్రక్కునకు ఆవోషిమా సంస్థవారు నమూనాపెట్టె చేసిరి. ఆ బండి పందెము గెలిచినది కాదు, రాజును మోసినది కాదు. దానిని నడిపినవారి బిడ్డలు దానిని మఱువనందున బ్రదికినది.

అదే నిస్సాన్ పేరుతో మన తెలుగునేలపై ఒక లోరీ పుట్టినది. 1942లో నెలకొన్న హైదరాబాదు అల్విన్ సంస్థను పెద్దలెఱుగుదురు. ఉక్కు బీరువాలు, శీతలయంత్రములు, బస్సుల పైకట్టుబడి, చేతిగడియారములు మొదలగువానిని చేసి ఆ పేరు ఇంటింటికి ప్రాకినది. 1980ల నడుమ జపాను సంస్థల సహకారముతో మన దేశమున నాలుగు చిన్నలోరీలు వెలువడెను. ఉత్తరమున డీసీఎం టొయోటా, పంజాబున స్వరాజ్ మాజ్డా, మధ్యప్రదేశమున ఐషర్ మిత్సుబిషి, నాటి మెదకు జిల్లా జహీరాబాదున అల్విన్ నిస్సాన్. ముందుకు పొడుచుకొనివచ్చిన మూతి లేక, ఇంజనుమీదనే డ్రైవరు కూర్చుండునట్టి క్యాబ్‌స్టార్ అను బండి యది. 1980ల చివర ఆ కర్మాగారము మహీంద్రావారి చేతికి పోయెను. 1990లలో అల్విన్ సంస్థయే కనుమఱుగయ్యెను. జహీరాబాదు కర్మాగారము నేటికిని నడచుచున్నది. పేరు మాత్రము మాసిపోయినది. ఆ ఊరు తెలుగు, కన్నడ, మరాఠీ మాటలు మూడును వినవచ్చు సరిహద్దు ఊరు. సరిహద్దున పుట్టిన బండి పేరు నిలుపుకొనలేకపోవుటలో మనబోటివారికి ఆశ్చర్యమేమియు తోచదు.

మనబోటివారమనగా, రేగుంటవంటి ఊళ్లవారము. పేరు వినగనే తెలుగు చెవికి నీటిగుంట స్ఫురించు ఈ గ్రామము సిరొంచ తాలూకాలో నున్నది. సిరొంచ నాగపూరువారి మధ్యప్రదేశమున నుండెను, 1956లో బొంబాయి రాష్ట్రమునకు చేరెను, 1960లో మహారాష్ట్రమయ్యెను, 1982లో చాందా జిల్లానుండి వేఱుపడిన గడ్చిరోలి జిల్లాలో కలిసెను. ఊరు కదలలేదు, దానిపై వ్రాసిన పేర్లు మాఱినవి. ప్రాణహిత గోదావరితో కలియు ఈ చోట వంతెనలు లేని కాలమున వానకాలము వచ్చినచో దారులు తెగిపోయెడివి. అట్టి ప్రాంతమున సరకు తెచ్చు బండి అనగా వట్టి యంత్రము కాదు. అది రాకున్నచో దుకాణము మూతపడును.

ఈ ప్రాంతపు ఆచారమొకటి నా ప్రశ్నకు చాలవఱకు సమాధానము చెప్పుచున్నది. శ్రావణ బహుళ అమావాస్యనాడు విదర్భమంతట పోళా పండుగ. ఎడ్లను కడిగి, కొమ్ములకు రంగులు పూసి, బొబ్బట్లు తినిపింతురు. ఆదిలాబాదువైపు మనవారును పొలాల అమావాస్యయని అదే చేయుదురు. మఱునాడు తాన్హా పోళా, అనగా చిన్న పోళా. ఆనాడు పిల్లలు చక్రములు గల కొయ్యయెద్దులను అలంకరించి వీధులలో లాగుదురు. ఎద్దు ఏ యుద్ధమును గెలువలేదు. ఏడాది పొడుగున మోసినది, దున్నినది, అంతియే. ఆ కారణముచేతనే దానికి బొమ్మ కలిగినది. ఇక్కడ అర్హతకు కొలత కీర్తి కాదు, చాకిరి. లోకపు బొమ్మల అంగడిలో దొరకని ఈ న్యాయము విదర్భపు వీధిలో ఏటేట కనబడుచున్నది. ఎద్దుబండి స్థానమున లోరీ వచ్చి దశాబ్దములు గడచినవి. కొయ్యయెద్దు ప్రక్కన కొయ్యలోరీ నిలువకుండుటకు హేతువు నాకు కనబడదు.

తెలుగు బొమ్మరులకును ఇది క్రొత్త మాట కాదు. కొండపల్లిలో దశావతారములతోపాటు ఎద్దులబండియు, కల్లుగీతవాడును ఉన్నారు. తెల్లపొణికి కఱ్ఱతో ఒక్కొక్క అంగమును విడిగా చెక్కి, చింతగింజల జిగురుతో అతుకుట వారి పద్ధతి. ప్లాస్టిక్ పెట్టెలోని ముక్కల విద్యకు ఇది దూరపు చుట్టమని చెప్పవచ్చును. బొమ్మలకొలువున పైమెట్టున దేవతలున్నను, క్రిందిమెట్టున అంగడి, సంత, బండి ఉండవలసినదే. క్రిందిమెట్టు లేని కొలువు ఎవరింటను చూడము.

ఇందుకు ఆక్షేపణలు కలవు. మొదటిది: ఎద్దునకు ప్రాణమున్నది, అలసట యున్నది, ఇనుమునకు కృతజ్ఞత యేమిటి? ఇది బలమైన మాటయే. దసరానాడు లోరీకి నిమ్మకాయ కట్టి, పసుపు కుంకుమలు పెట్టు డ్రైవరు ఇనుమునకు బాధ కలదని నమ్మి ఆ పని చేయడు. ఆ యినుములో తన రాత్రులు కలిసియున్నవని అతడెఱుగును. జహీరాబాదున రేకు వంచిన కార్మికుని చేయి, వెనుక నిలిచి ఈల వేసిన క్లీనరు గొంతు, బురదలో చక్రము క్రింద రాయి పెట్టిన కూలీవాని వీపు, ఇవి యన్నియు ఆ బండిలో నున్నవి. వీరెవ్వరికిని విగ్రహములు వెలయవు. బండికి బొమ్మ చేయుట వీరందఱిని ఒక్కసారి తలచుటకు చవుకైన ఉపాయము.

రెండవ ఆక్షేపణ ఇంతకంటె కఠినమైనది. దీనిని దాటవేయుట నాకు సమ్మతము కాదు. ఈ లోరీలే కదా అడవిని మోసికొనిపోయినవి? ఆలాపల్లి టేకు, కాగితపు మిల్లులకు వెదురు, బీడీలకు తునికాకు, అన్నియు చక్రములమీదనే వెడలినవి. 2023లో అయోధ్య ఆలయమునకు ఈ అడవుల టేకు బల్లార్షానుండి బయలుదేరినప్పుడు కలపకు పూజయు ఊరేగింపును జరిగెను. తక్కిన దినములలో తరలిన దుంగలకు ఊరేగింపు లేదు, లెక్కపుస్తకమున పద్దు మాత్రము కలదు. అట్టి బండికి బొమ్మ చేసి ముద్దాడుట తగునా? నా అభిప్రాయమిది. తగును, కాని వట్టి బండిని చేయరాదు. పెట్టెలలో వచ్చు లోరీలు తఱచు ఖాళీగా, తళతళలాడుచు ఉండును. అవి అబద్ధములు. బరువుతో చేసిన బొమ్మయే నిజము పలుకును. దుంగలు ఎక్కించినచో దుంగలు ఎక్కడివన్న ప్రశ్న పిల్లవాడే అడుగును. తునికాకు ఎక్కించినచో, ఎండలో కట్టలు కట్టిన చేతుల కూలి ఎంతయని అడుగక మానడు. బొమ్మ పొగడ్త కానక్కఱలేదు, సాక్ష్యమైనను చాలును.

ప్లేటో మహాశయుడు చిత్రకారుని తక్కువచేసి మాటలాడెను. వడ్రంగి మంచమును చేయును, చిత్రకారుడు దాని చూపును మాత్రమే గీయును, కావున అతడు సత్యమునకు మూడవమెట్టు దూరమున నున్నాడని అతని వాదము. ముక్కలతో నమూనా చేయువానికి ఈ నింద పూర్తిగా తగులదు. ఇరుసు చట్రమునకెట్లు తగిలియున్నదో, కమానుపట్టీలు ఎన్ని పొరలో, వెనుకతలుపు గొలుసుతో ఎట్లు వ్రేలాడునో తెలియక వాడు ఒక్క అడుగు వేయలేడు. వాడు చిత్రకారునికంటె వడ్రంగికి దగ్గఱ. మన పిల్లలలో చాలమంది తాము ఎక్కిన బండి అడుగుభాగమును ఎన్నడు చూచియుండరు. యుద్ధవిమానమును జిగురుతో అతికిన బాలుడు తానెన్నడు ఎక్కని దానిని తెలిసికొనును. లోరీని అతికినవాడు తన తాత బ్రదుకును తెలిసికొనును. ఏది మేలో నేను వేఱుగా వ్రాయనక్కఱలేదు.

ఇక వ్యయము సంగతి. ఉక్కు అచ్చు అక్కఱలేకుండ, గణకయంత్రమున గీసిన రూపమును పొరలుపొరలుగా పోసి నిలబెట్టు త్రిమితీయ ముద్రణ ఇప్పుడు వచ్చినది. పది బండ్లు కావలసినవాడు పదియే చేసికొనవచ్చును. వేలమంది కోరినగాని బొమ్మ పుట్టదను నియమము దీనితో సడలినది. కొండపల్లి చేయి మఱింత సులువుగా ఈ పని చేయగలదని నా యెన్నిక. కాని కొలత తప్పని బండిని చెక్కుటకు ముందు అసలు బండి ఒకటి ఎక్కడనైన మిగిలియుండవలెను. పాత యినుము కొట్టములలో అవి త్వరత్వరగా కరగిపోవుచున్నవి. బొమ్మ చేయవలెనా మానవలెనా యను తర్కము తీఱిక గలవారిది. టేపు పట్టుకొని కొలతలు వ్రాసికొనుట మాత్రము ఈ యేడే కావలసిన పని.

ఒక చిన్న చిక్కు మిగిలినది. ఇట్టి పెట్టెలలో నీటిలో నానబెట్టి అంటించు అక్షరముల కాగితమొకటి వచ్చును. లోరీ వెనుకపలకపై ఏ లిపి యుండవలెను? జహీరాబాదున పుట్టిన బండి గనుక తెలుగు తగును. సిరొంచ దారిన తిరిగిన బండిగా చూపినచో మరాఠీయు వలయును. రెండు లిపులును అచ్చువేసి పెట్టెలో నుంచి, అంటించు పిల్లవాని ఇష్టమునకు విడుచుట మేలు. మన యిండ్ల పిల్లలు బహుశః రెంటిని అంటింతురు. చోటు చాలనిచో ఒకదానిని ప్రక్కతలుపుపైకి జరుపుదురు.