దుబారాకూ పిసినారితనానికీ మధ్య

మన చేతిలోని సంపద మనది కాదు, అల్లాహ్ మనకు అప్పగించిన అమానతు. దాన్ని ఎలా సంపాదించావు, దేనికి ఖర్చుపెట్టావు అన్న రెండు ప్రశ్నలకూ ప్రళయదినాన జవాబు చెప్పుకోనిదే మనిషి అడుగు కదపలేడని దైవప్రవక్త (స) హెచ్చరించారు. మనలో చాలామంది మొదటి ప్రశ్నకు భయపడతారు, రెండోదాన్ని మరచిపోతారు. హలాల్ సంపాదనను ఇష్టమొచ్చినట్లు ఖర్చుచేస్తే తప్పేమిటని అడుగుతారు.

ధర్మవేత్తలు ఇక్కడ రెండు పదాలు వాడతారు. ధర్మసమ్మతమైన వాటిలోనే హద్దు మీరడం ‘ఇస్రాఫ్’. ఖర్చు చేయకూడని చోట ఖర్చు చేయడం ‘తబ్జీర్’. తబ్జీర్‌కు పాల్పడేవారిని దివ్య ఖుర్ఆన్ బనీ ఇస్రాయీల్ సూరాలో షైతాను సోదరులుగా పేర్కొన్నది. గుట్కా, సిగరెట్లకు పోసే డబ్బు తబ్జీర్ అని గుర్తించడం తేలికే. కాని తిండి, నీరు, బట్ట, పెళ్లివిందు ధర్మసమ్మతమైనవి. కనుకనే వాటిలో జరిగే దుబారా మన కంట పడదు.

హైదరాబాద్‌లో జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ వైపు వెళ్లి చూడండి. ఒక పక్క తారల భవంతులు. మరో పక్క ఫిల్మ్‌నగర్ బస్తీలు, కృష్ణానగర్ అద్దె గదులు. లైట్లు మోసేవారికీ జూనియర్ ఆర్టిస్టులకూ షూటింగు ఉన్ననాడే కూలి. 2020 మార్చిలో లాక్‌డౌన్ వల్ల షూటింగులు ఆగిపోతే, సినీ కార్మికుల ఇళ్లకు దాతలు సరుకులు పంచవలసి వచ్చింది. 2025 ఆగస్టులో 30 శాతం వేతన పెంపు కోరుతూ వారు పని ఆపినప్పుడూ అన్ని రోజులు కూలి లేదు. కడుపుకే చాలని కూలి తెచ్చుకునేవారిని పొదుపు చేయలేదని నిందించడం అన్యాయం. మన మాట ఎంతో కొంత మిగిల్చుకోగలిగిన ఇళ్ల గురించి.

ఆ ఇళ్లలో చూపు గుట్టమీదికే పోతుంది. తెరమీద హీరో వేసుకున్న చొక్కా ఈద్‌కు కావాలి, పనిచేస్తున్న ఫోన్ మార్చాలి. ప్రాపంచిక విషయాల్లో మీకన్నా తక్కువ ఉన్నవారిని చూడండి, అప్పుడే దైవానుగ్రహాలు చులకన కావని దైవప్రవక్త (స) బోధించారు. ఆయన లీటరుకన్నా తక్కువ నీటితోనే వుజూ చేసుకునేవారు. మనం కుళాయి పూర్తిగా తిప్పి వదిలేస్తాం. పళ్లెంలో అన్నం వదలకపోవడం, గది దాటేటప్పుడు ఫ్యాను ఆపడం, దుకాణానికి చీటీ రాసుకుని వెళ్లడం చిన్న అలవాట్లే. రోజుకు 40 రూపాయలు తగ్గినా ఏడాదికి 14,600 రూపాయలు అవుతాయి.

అయితే పొదుపు పేరుతో పిడికిలి బిగించడం కూడా ధర్మం కాదు. అసలు ఇవ్వకపోవడాన్నీ, అంతా ఇచ్చేసి చేతులు ఖాళీ చేసుకోవడాన్నీ ఖుర్ఆన్ రెండింటినీ వారించింది. తెలుగు చిత్రసీమ మద్రాసులో ఉన్న కాలంలో చిత్తూరు నాగయ్య గారు అత్యధిక పారితోషికం అందుకున్న నటుల్లో ఒకరు. అడిగినవారికి లేదనకుండా ఇచ్చిన ఆయన 1973లో పేదరికంలోనే కన్నుమూశారు. ఆ దాతృత్వాన్ని మనం తక్కువ చేయరాదు. కాని దానానికీ హద్దుంది. హజ్రత్ సాద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి) జబ్బుపడి తన సంపదలో మూడింట రెండు వంతులు దానం చేయాలనుకున్నారు. దైవప్రవక్త (స) మూడో వంతుకే అనుమతించి, అదీ ఎక్కువేనన్నారు. వారసులను ఇతరుల ముందు చేయి చాచే స్థితిలో వదలకూడదని ఆయన ఉద్దేశం.

మరి పొదుపరికీ పిసినారికీ తేడా ఏమిటి? ఇద్దరూ ఖర్చు తగ్గిస్తారు. మిగిలిన డబ్బు ఎక్కడికి పోతుందన్న దానిలోనే తేడా ఉంది. పిసినారి డబ్బు పెట్టెలోకి పోతుంది. పొదుపరి డబ్బు పిల్లల చదువుకూ, అప్పు తీర్చడానికీ, బంధువుల అవసరానికీ, పొరుగింటి వితంతువు మందులకూ పోతుంది. కనుక ఈ నెల ఏ ఖర్చు తగ్గించాలో ఇంటిల్లిపాదీ కూర్చుని నిర్ణయించుకోండి. మిగిలింది ఎవరి హక్కో కూడా అప్పుడే నిర్ణయించుకోండి.

అల్లాహ్ మనకు మధ్యేమార్గంలో నడిచే భాగ్యం ప్రసాదించుగాక! ఆమీన్.